ఆరు గళ్ళు నాలుగైన కథ

2006 నవంబరు 29న లినక్స్ కెర్నెల్ 2.6.19 విడుదలైంది. అందులో పేరు మోగింది ఈఎక్స్‌టీ4 అనే కొత్త ఫైల్ సిస్టమ్. అప్పటికి అదింకా ప్రయోగదశలోనే ఉంది. తర్వాత్తర్వాత ఎన్నో సర్వర్లకూ, ఆండ్రాయిడ్ ఫోన్లకూ అదే ఆధారమైంది. అదే విడుదలలో ఇంకో పని కూడా సద్దు లేకుండా జరిగిపోయింది. దానివల్ల ఏ మెనూలోనూ కొత్త బటన్ రాలేదు. కెర్నెల్ లోపలి పట్టిక ఒకదానిలో, చదవడానికీ రాయడానికీ కలిపి ఆరు గళ్ళు ఉన్నచోట నాలుగు మిగిలాయి, అంతే. ఆ పని చేసిన ఇంజినీరు ఐబీఎం లినక్స్ టెక్నాలజీ సెంటర్‌కు చెందిన బదరి పులవర్తి. ఆ ఇంటిపేరు మన తెలుగు చెవికి కొత్తది కాదు.

ముప్పై ఏళ్ళు దాటినా లినక్స్ పచ్చగా ఉందంటే, దానికి చేర్చిన కోడు ఎంత కారణమో తీసేసిన కోడూ అంతే కారణం. ఆ పట్టిక పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే ఈ మాట అతిశయోక్తి కాదని మీరే ఒప్పుకుంటారు.

రాజోలు పట్టని డిస్కు

కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికన్నా లోపల ఉండే భాగం. ప్రోగ్రాములు డిస్కునో, మెమరీనో నేరుగా ముట్టుకోవు. ఏం కావాలన్నా కెర్నెల్‌ని అడగాలి. అడిగే పద్ధతిని సిస్టమ్ కాల్ అంటారు. డిస్కు మీద ఏ ఫైలు ఎక్కడ మొదలై ఎక్కడెక్కడ పరుచుకుని ఉందో లెక్క చూసుకునే కోడు ఫైల్ సిస్టమ్.

1991 సెప్టెంబరులో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ 0.01ని బయటపెట్టారు. మొత్తం కలిపితే సుమారు పదివేల లైన్లు. ఫైల్ సిస్టమ్ విషయంలో ఆయన కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. ఆండ్రూ టానెన్‌బామ్ విద్యార్థులకు పాఠం చెప్పడం కోసం రాసిన మినిక్స్ పద్ధతినే తీసుకున్నారు. దానికి రెండు హద్దులు. డిస్కు భాగం 64 మెగాబైట్లకు మించకూడదు. ఫైలు పేరు 14 బైట్లు దాటకూడదు.

14 బైట్లంటే ఎంతో మన ఊళ్ళ పేర్లతోనే చూద్దాం. కంప్యూటర్లు ఇప్పుడు తెలుగును దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. అచ్చుకూ హల్లుకూ గుణింతపు గుర్తుకూ పొల్లుకూ దేని మూడు బైట్లు దానివే. 'రాజోలు' అన్న పేరులో ర, దీర్ఘం, జ, ఓత్వం, ల, కొమ్ము కలిపి ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. 'అమలాపురం' ఎనిమిది సంకేతాలు, 24 బైట్లు. 'కొత్తపేట'లో త కింద ఉన్న త వత్తుకు పొల్లు ఒకటి అదనం కాబట్టి అదీ 24 బైట్లే. మినిక్స్ డిస్కులో ఈ మూడింట్లో ఏ ఒక్కటీ పట్టదు. 'కోన' అని మాత్రం పెట్టుకోవచ్చు, అది తొమ్మిది బైట్లు.

ఈ ఇరుకు ఇంగ్లీషు పేర్లకే ఊపిరాడనివ్వలేదు. 1992 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌కు చెందిన రెమీ కార్డ్ రాసిన ఈఎక్స్‌టీ వచ్చింది. డిస్కు 2 గిగాబైట్లకు, పేరు 255 అక్షరాలకు పెరిగాయి. 1993 జనవరిలో ఆయనా, థియొడోర్ చో, స్టీఫెన్ ట్వీడీ కలిసి ఈఎక్స్‌టీ2 తెచ్చారు. ఇప్పటి ఈఎక్స్‌టీ4లో కూడా ఫైలు పేరుకు హద్దు ఆ 255 బైట్లే. అంటే తెలుగులో 85 సంకేతాలు. ఆఫీసు కాగితాల తరహాలో జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు అన్నీ ఫైలు పేరులోనే ఇరికించాలనుకునేవాళ్ళకు ఈ హద్దు ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది.

పట్టిక ఎందుకు వచ్చింది

ఒక కెర్నెల్‌లో ఒకటికి మించి ఫైల్ సిస్టమ్‌లు చేరగానే చిక్కు మొదలైంది. ప్రోగ్రాము 'ఈ ఫైలు చదువు' అంటుంది. అది మినిక్స్ డిస్కు మీద ఉందో, ఈఎక్స్‌టీ మీద ఉందో, నెట్‌వర్క్ అవతల ఇంకో కంప్యూటర్లో ఉందో ఆ ప్రోగ్రాముకు తెలియదు, తెలియనవసరం లేదు. ఈ చిక్కును సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజినీర్లు 1980ల మధ్యలోనే విడదీశారు. పైన అందరికీ ఒకే పొర పెట్టి, కింద ఎవరి కోడు వాళ్ళకు వదిలేశారు. లినక్స్‌లో అలాంటి పొరను మొదట క్రిస్ ప్రొవెంజానో రాశారు, టోర్వాల్డ్స్ దాన్ని తిరగరాసి కెర్నెల్‌లో కలిపారు. దాని పేరు వీఎఫ్ఎస్, వర్చువల్ ఫైల్ సిస్టమ్.

వీఎఫ్ఎస్‌కు ప్రాణం ఒక పట్టికలో ఉంది. దాన్ని ఫైల్ ఆపరేషన్స్ అంటారు. ప్రతి ఫైల్ సిస్టమ్ తన పట్టిక తాను నింపి ఇస్తుంది. 'తెరవాలంటే ఈ ఫంక్షన్ పిలువు, చదవాలంటే ఇది, రాయాలంటే ఇది, డిస్కు మీదకు ఖాయంగా దింపాలంటే ఇది' అని ఒక్కో గడిలో ఒక్కో ఫంక్షన్ చిరునామా ఉంటుంది. ప్రోగ్రాము నుంచి 'రీడ్' కాల్ రాగానే వీఎఫ్ఎస్ ఆ ఫైలు తాలూకు పట్టిక తీస్తుంది, 'రీడ్' గడిలో ఉన్న చిరునామాకు దూకుతుంది. అవతల ఉన్న ఫంక్షన్ ముందు పేజీ క్యాషే వెతుకుతుంది. అంటే అంతకుముందు చదివిన ముక్కల్ని మెమరీలో అట్టేపెట్టుకున్న చోటు. అక్కడ దొరికితే డిస్కుదాకా వెళ్ళే పనే లేదు. దొరక్కపోతే డిస్కుకు కబురు పెడుతుంది.

ఫోన్లో ఫొటో తెరిచిన ప్రతిసారీ జరిగే తంతు ఇదే. ఫోన్లలో ఈఎక్స్‌టీ4తో పాటు ఎక్కువగా కనిపించే ఎఫ్2ఎఫ్ఎస్‌కు కూడా ఇదే పట్టిక. శామ్‌సంగ్‌లో పుట్టిన ఆ ఫైల్ సిస్టమ్ 2013లో విడుదలైన కెర్నెల్ 3.8తో లినక్స్‌లోకి వచ్చింది.

రెండు పనులు, ఆరు గళ్ళు

ఫైలుతో చేసే ముఖ్యమైన పనులు రెండే: చదవడం, రాయడం. అందుకు రెండు గళ్ళు చాలాలి. కానీ అవసరాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

1983లో బర్క్లీ యూనిక్స్ 4.2 రెండు కొత్త సిస్టమ్ కాల్స్ తెచ్చింది: రీడ్‌వీ, రైట్‌వీ. ఇవి ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం. అమలాపురంలో ఒక స్థలం రిజిస్టరైందనుకోండి. ఆ దస్తావేజు రికార్డులో మూడు ముక్కలున్నాయి: మొదట దస్తావేజు నంబరు, తేదీ, తర్వాత అమ్మినవారి, కొన్నవారి వివరాలు, చివర సర్వే నంబరు, హద్దులు. ప్రోగ్రాము మెమరీలో ఈ మూడూ మూడు వేర్వేరు చోట్ల ఉన్నాయి. మామూలు 'రైట్'తో రాస్తే మూడుసార్లు కెర్నెల్‌ని పిలవాలి. రెండో పిలుపుకూ మూడో పిలుపుకూ మధ్య ఇంకో ప్రోగ్రాము అదే ఫైల్లో తన రికార్డు రాసేసిందంటే, ఒకరి హద్దులు ఇంకొకరి పేరు కింద పడతాయి. 'రైట్‌వీ'కి ఆ మూడు చోట్ల చిరునామాలూ, పొడవులూ ఒక జాబితాగా ఇస్తే చాలు. ఒకే పిలుపుతో మూడూ వరసగా వెళ్ళిపోతాయి.

లినక్స్ ఈ కాల్స్‌ని తీసుకున్నాక పట్టికలో మరో రెండు గళ్ళు చేరాయి. ఆ గళ్ళు నింపని ఫైల్ సిస్టమ్ ఎదురైతే వీఎఫ్ఎస్ జాబితాలోని ఒక్కో ముక్కకీ మామూలు 'రైట్' పిలుచుకుంటూ పోయేది. పని జరిగేది. మూడు ముక్కలూ విడదీయకుండా వెళ్తాయన్న హామీ మాత్రం ఉండేది కాదు.

తర్వాత డేటాబేసుల గొడవ వచ్చింది. పెద్ద డేటాబేసు 'ఈ ముక్క చదవడం మొదలెట్టు, అయ్యాక చెప్పు, ఈలోగా నా పని నేను చూసుకుంటా' అనగలగాలి. ఇలాంటి ఎసింక్రనస్ చదువులూ రాతలూ బెంజమిన్ లాహైజ్ కృషితో 2003 డిసెంబరు నాటి 2.6 కెర్నెల్‌లోకి వచ్చాయి. వాటికోసం ఇంకో రెండు గళ్ళు: ఏఐఓ రీడ్, ఏఐఓ రైట్. మొత్తం ఆరు.

ఎవరిదీ తప్పు కాదు. ప్రతి గడీ తన కాలంలో న్యాయంగానే వచ్చింది. కానీ ఇప్పుడు 'రాయడం' అన్న ఒకే పని మూడు దారుల్లో జరుగుతోంది. ఒక దారిలో దొరికిన తప్పును దిద్దితే మిగతా రెండింట్లోనూ దిద్దాలని గుర్తుంచుకోవాలి. డజన్లకొద్దీ ఫైల్ సిస్టమ్‌లు, ఒక్కోదానికి మూడేసి రాతలు. మర్చిపోవడం ఖాయం.

ఈఎక్స్‌టీ3 పట్టికలో ఒక లైను

ఆ మరుపు ఎలా ఉంటుందో ఈఎక్స్‌టీ3 కోడులో కళ్ళారా చూడొచ్చు. ఈఎక్స్‌టీ3 అంటే ఈఎక్స్‌టీ2కే స్టీఫెన్ ట్వీడీ జర్నల్ తగిలించిన రూపం. 2001 నవంబరులో కెర్నెల్ 2.4.15తో వచ్చింది. జర్నల్ అంటే చేయబోయే మార్పును ముందు ఒక పక్కన రాసి పెట్టుకోవడం. పని మధ్యలో కరెంటు పోతే ఈఎక్స్‌టీ2 రోజుల్లో మళ్ళీ స్విచ్ వేయగానే డిస్కంతా మొదటినుంచి చివరిదాకా తనిఖీ చేయాల్సి వచ్చేది. డిస్కు పెద్దదైతే తెరముందు కూర్చుని ఎదురుచూడటమే. జర్నల్ వచ్చాక అందులో రాసుకున్నది చూసి క్షణాల్లో సర్దేసుకునేది. తుపాను గాలికి తీగలు తెగిపడే మన తీరప్రాంతంలో ఇదెంత వరమో వేరే చెప్పక్కర్లేదు.

'రాసింది డిస్కుకు చేరాకే నాకు చెప్పు' అని ప్రోగ్రాము పట్టుబట్టే సందర్భాలుంటాయి. డబ్బు లెక్కలు అలాంటివి. అప్పుడు ఈఎక్స్‌టీ3 మామూలు రాతతో పాటు అవసరమైతే జర్నల్‌ని కూడా అక్కడికక్కడే ఖాయం చేయాలి. అందుకని అది 'ఏఐఓ రైట్' గడిలో తన సొంత ఫంక్షన్ పెట్టుకుంది. మామూలు 'రైట్' కూడా చుట్టుతిరిగి అక్కడికే చేరేది. కానీ 'రైట్‌వీ' గడిలో ఉన్నది అన్ని ఫైల్ సిస్టమ్‌లూ వాడుకునే ఉమ్మడి ఫంక్షన్. దానికి జర్నల్ సంగతి తెలియదు. అంటే ఒకే ఫైల్లో ఒకే సమాచారం రాసినా, ప్రోగ్రాము ఏ కాల్ వాడిందన్నదాన్ని బట్టి ఆ చివరి జాగ్రత్త జరగడమో, జరగకపోవడమో. పట్టికలో ఒక్క లైను. చదివితే తప్పుగా అనిపించదు. ఎందుకంటే అక్కడ తప్పు రాయలేదు, ఒప్పు రాయడం మిగిలిపోయింది.

నీళ్ళు పారుతుండగానే

ఈ దారులు కలపడం ఎందుకంత కష్టమో గోదావరి డెల్టా రైతుకు ఇట్టే అర్థమవుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటినుంచి కోనసీమ సేద్యం కాలవల మీద ఆధారపడింది. వేసవిలో కాలవలు కట్టేస్తారు. గుర్రపుడెక్క లాగి, పూడిక తీసి, లాకుల షట్టర్లు బాగుచేసి, సార్వా మొదలయ్యేసరికి నీళ్ళు వదలాలి. కాలవ లోపల ఎంత మార్చినా రైతు పట్టించుకోడు. తన చేను తూము మాత్రం ఉన్నచోటే, ఉన్న మట్టంలోనే ఉండాలి. కెర్నెల్‌లో ఆ తూమే సిస్టమ్ కాల్. 'రీడ్‌వీ' అని పిలిచిన ప్రోగ్రాము నిన్న ఏ జవాబు అందుకుందో రేపూ అదే అందుకోవాలి. లోపలి గళ్ళు ఎన్ని తీసేసినా ఆ మాట తప్పకూడదన్నది టోర్వాల్డ్స్ పెట్టిన కట్టుబాటు. తేడా ఒక్కటే: కెర్నెల్‌కు వేసవి కట్టివేత లేదు. నీళ్ళు పారుతుండగానే పూడిక తీయాలి.

కొన్నిసార్లు పాతదాన్ని కదపకుండా పక్కనే కొత్తది కట్టడం మేలు. పి.గన్నవరం దగ్గర వైనతేయ మీద ఆంగ్లేయుల కాలపు అక్విడెక్టు ఉండగానే డొక్కా సీతమ్మ అక్విడెక్టు కట్టి నీళ్ళు మళ్ళించారు. ఈఎక్స్‌టీ4 పుట్టిందీ అలాగే. పెద్ద ఫైళ్ళనూ పెద్ద డిస్కులనూ మోయడానికి ఈఎక్స్‌టీ3లోనే భారీ మార్పులు చేయాలని ఒక వర్గం 2006లో ప్రతిపాదించింది. లక్షల మంది నమ్ముకున్న కోడులో ప్రయోగాలు వద్దని టోర్వాల్డ్స్ సహా పలువురు అడ్డుపడ్డారు. దాంతో ఆ ఏడు జూన్ చివర్లో థియొడోర్ చో మధ్యేమార్గం ప్రకటించారు: ఈఎక్స్‌టీ3కి నకలు తీసి, ఈఎక్స్‌టీ4 అని పేరుపెట్టి, ప్రయోగాలన్నీ అందులోనే చేద్దామని. 2008 డిసెంబరులో 2.6.28తో అది నమ్మి వాడదగ్గదైంది.

పట్టికకు ఆ ఉపాయం పనికిరాదు. అది అన్ని ఫైల్ సిస్టమ్‌లకూ ఉమ్మడి ఆస్తి. పక్కన ఇంకో పట్టిక పెడితే ఆరు గళ్ళు పన్నెండవుతాయి.

2006: నాలుగు అడుగులు

బదరి పులవర్తికి ఈ కోడుతో పాత పరిచయమే. 2005లో ఒట్టావాలో జరిగిన లినక్స్ సింపోజియంలో ఈఎక్స్‌టీ3 స్థితిగతుల మీద వెలువడిన పత్రానికి మింగ్‌మింగ్ కావ్, థియొడోర్ చో, సుపర్ణా భట్టాచార్య, ఆండ్రియాస్ డిల్గర్, అలెక్స్ టామస్‌లతో పాటు ఆయనా రచయిత. పట్టిక సర్దుబాటులో ఆయనతో కలిసి నడిచినవారు క్రిస్టోఫ్ హెల్‌విగ్. కెర్నెల్‌లో పాత కోడు ఎక్కడ పేరుకుందో వెతికి తీయించడంలో ఆయనది అందెవేసిన చేయి.

మొదటి అడుగులో గడి తీసేయలేదు, ఉన్న గడిని వెడల్పు చేశారు. అప్పటిదాకా 'ఏఐఓ రీడ్', 'ఏఐఓ రైట్' ఫంక్షన్లకు ఒకే బఫర్ (సమాచారం ఉండే మెమరీ ముక్క) చిరునామా, ఒకే పొడవు ఇచ్చేవారు. ఇకమీదట రీడ్‌వీకి ఇచ్చినట్టే జాబితా ఇవ్వాలన్నారు. ఒకే బఫర్ ఉంటే ఒకే అంశం ఉన్న జాబితా అవుతుంది. ఈ ఒక్క ఆలోచనలోనే కిటుకంతా ఉంది. జాబితా తీసుకోగలిగినవాడు ఒంటరి బఫర్‌నూ తీసుకోగలడు. ఆగకుండా పని అందుకోగలిగినవాడి దగ్గర, కావాలంటే అయ్యేదాకా ఆగి జవాబు పట్టుకెళ్ళొచ్చు. ఆరింట్లో అన్నిటికన్నా ఎక్కువ చేయగల రెండింటిని మరింత సమర్థంగా చేస్తే, మిగతావి వాటిలో ఇమిడిపోతాయి.

రెండో అడుగులో 'రీడ్‌వీ', 'రైట్‌వీ' గళ్ళు తొలగించారు. ఇది చెప్పినంత తేలిక కాదు. ఆ గళ్ళు వాడుతున్నవి ఫైల్ సిస్టమ్‌లు మాత్రమే కాదు. ఒక ప్రోగ్రాము నుంచి ఇంకోదానికి సమాచారం పంపే పైపులు, నెట్‌వర్క్ సొరంగాల డ్రైవరు, సౌండ్ కార్డు కోడు కూడా వాటి మీద ఆధారపడ్డాయి. ఒక్కోదాన్నీ తెరిచి, కొత్త పద్ధతికి మార్చి, పాత లైను చెరపాలి.

మూడో అడుగు ఉమ్మడి ఫంక్షన్ల సర్దుబాటు. ఒకదాన్నొకటి పిలుచుకుంటూ దాదాపు ఒకే పని చేస్తున్న సాయపు ఫంక్షన్లను కుదించారు. ఈఎక్స్‌టీ2 లాంటి ఫైల్ సిస్టమ్‌లు 'రీడ్' గడిలో సొంత గొడవ లేకుండా, 'ఏఐఓ రీడ్‌ని పిలిచి, పని అయ్యేదాకా ఆగు' అనే ఉమ్మడి ఫంక్షన్ పెట్టుకున్నాయి. నాలుగో అడుగులో కొత్త సౌకర్యం ఒకటి వచ్చింది. ఎసింక్రనస్ కాల్స్‌తో కూడా జాబితాలు పంపే వీలు కలిగింది. మొదటి మూడు అడుగుల సర్దుడు లేకపోతే ఈ నాలుగోదానికోసం పట్టికలో ఇంకో రెండు గళ్ళు చేర్చాల్సి వచ్చేది.

2006 అక్టోబరు మొదట్లో ఇవన్నీ టోర్వాల్డ్స్ నడిపే ప్రధాన కోడులోకి, అంటే 'చెట్టు'లోకి, చేరాయి. ఈఎక్స్‌టీ3లో ఆ 'రైట్‌వీ' లైను మాయమైంది. ఇప్పుడు ఏ కాల్ వచ్చినా ఒకే ఫంక్షన్‌కు చేరుతుంది, జర్నల్ జాగ్రత్త అందరికీ వర్తిస్తుంది. ఆ లోపం కోసం ఎవరూ విడిగా మందు వేయలేదు. దారి ఒకటే మిగిలేసరికి లోపానికి చోటు లేకపోయింది.

సర్దినదాన్ని మళ్ళీ సర్దడం

ఆ రెండు ఏఐఓ గళ్ళు కూడా శాశ్వతం కాలేదు. జాబితా ఇస్తే సరిపోదు, అందులో ఎంతవరకు వచ్చామో గుర్తు కూడా వెంట ఉండాలి. లేకపోతే ప్రతి ఫంక్షనూ ఆ లెక్క తనే చూసుకోవాలి. 2007లో నిక్ పిగ్గిన్ జాబితానూ గుర్తునూ కలిపి ఒక మూట కట్టారు. దాని పేరు ఐఓవీ ఇటర్. వీఎఫ్ఎస్ నిర్వాహకుడు అల్ వీరో ఆ మూటను బాగా పెద్దది చేసి, 2014 ఆగస్టులో వచ్చిన 3.16 కెర్నెల్‌లో 'రీడ్ ఇటర్', 'రైట్ ఇటర్' అనే గళ్ళు పెట్టారు. ఒక్కో ఫైల్ సిస్టమ్‌నూ వాటికి మళ్ళించాక, 2015 జూన్ నాటి 4.1 విడుదలకల్లా 'ఏఐఓ రీడ్', 'ఏఐఓ రైట్' గళ్ళు పట్టికలోంచి తొలగిపోయాయి.

తొమ్మిదేళ్ళకే చెరిపేశారంటే మొదటి పని వృథా అయిందనుకోకూడదు. ఆరు దారులుగా చీలి ఉంటే వీరో ఆరు దారుల్నీ మళ్ళించాల్సి వచ్చేది. 2019లో జెన్స్ యాక్స్‌బో తెచ్చిన ఐఓ యూరింగ్ అనే వేగవంతమైన పద్ధతి కూడా ఈ ఇటర్ గళ్ళనే పట్టుకుని నడుస్తుంది.

కొన్నిసార్లు గడి కాదు, ఫైల్ సిస్టమే పోతుంది. ఈఎక్స్‌టీ4 కోడు ఈఎక్స్‌టీ3 డిస్కులను కూడా చదవగలుగుతున్నప్పుడు ఈఎక్స్‌టీ3 కోడు విడిగా ఎందుకన్న ప్రశ్న వచ్చింది. 2015 నవంబరులో వచ్చిన 4.3 నుంచి దాన్ని తీసేశారు. పాత డిస్కులున్నవారికి తేడా తెలియలేదు. రైజర్ఎఫ్ఎస్ సంగతి వేరు. 2001లో లినక్స్ ప్రధాన చెట్టులోకి వచ్చిన మొట్టమొదటి జర్నల్ ఫైల్ సిస్టమ్ అది. పోషించేవాళ్ళు కరువయ్యాక, 2022లో 'ఇది పోబోతోంది, డిస్కులు మార్చుకోండి' అని హెచ్చరిక పెట్టారు. 2025 జనవరిలో 6.13 కెర్నెల్‌తో తొలగించారు. ముప్పై వేలకు పైగా లైన్లు ఒక్కసారిగా పోయాయి. డిస్కు మీద జనం సమాచారం ఉంది కాబట్టే అన్నేళ్ళ గడువు.

తెగలేదని ఎలా తెలుస్తుంది

ఇంత కోడు కదిపినప్పుడు ఎవరి ఫైలూ పాడవదన్న ధైర్యం ఎక్కడిది? మొదటిది పద్ధతి. ప్యాచ్ అంటే కోడులో చేయదలచిన మార్పును రాసి పంపే చీటీ. ఒక ప్యాచ్‌లో ఒకే మార్పు. సర్దుబాటునూ ప్రవర్తన మార్పునూ కలిపి పంపితే నిర్వాహకులు తిప్పికొడతారు. ఎందుకంటే రేపు తేడా వస్తే ఏది కారణమో తేలదు. విడుదలైన వెంటనే వచ్చే రెండు వారాల్లోనే ఇలాంటి మార్పులు చేరతాయి. ఆ తర్వాత సుమారు ఏడు వారాలు తప్పులు దిద్దడానికే.

రెండోది పరీక్షలు. ఎస్‌జీఐ సంస్థ తన ఎక్స్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ కోసం రాసుకున్న ఎక్స్ఎఫ్ఎస్ టెస్ట్స్ క్రమంగా అందరికీ ఉమ్మడి అయింది. రాస్తుండగా డిస్కు ఆగిపోయినట్టు నటించడం, ఒకే ఫైలు మీద పదిమంది ఒకేసారి పడటం, డిస్కు నిండిపోయే ఆఖరి క్షణం, ఇలా ఎన్నో సందర్భాలు అందులో ఉన్నాయి. 2017 నుంచి గూగుల్ వారి సిజ్‌బాట్ ఇంకో పని చేస్తోంది. అడ్డదిడ్డంగా సిస్టమ్ కాల్స్ విసురుతూ, కావాలని చెడగొట్టిన డిస్కులు తగిలిస్తూ రాత్రింబవళ్ళు కెర్నెల్‌ని తడుముతుంది. మూడోది యాంత్రిక సాయం. జూలియా లాల్ బృందం తయారుచేసిన కాక్సినెల్ అనే పనిముట్టుకు 'ఈ తీరు కోడు కనిపిస్తే ఆ తీరుకు మార్చు' అని ఒక నియమం రాసిస్తే కెర్నెల్ అంతటా వెతికి మారుస్తుంది. నియమం సరైనదా కాదా అన్నది మాత్రం మనిషే తేల్చాలి.

మిగిలి ఉన్న పని

0.01లోనే ఉన్న బఫర్ హెడ్ అనే కట్టడం ఇంకా కెర్నెల్‌లో బతికే ఉంది. దాని బదులు ఐఓమ్యాప్ అనే కొత్త పద్ధతికి ఫైల్ సిస్టమ్‌లు ఒక్కొక్కటే మారుతున్నాయి. మెమరీని పేజీల లెక్కన చూసే పాత కోడును, పేజీలను గుత్తులుగా చూసే ఫోలియోలకు మార్చే పనిని మాథ్యూ విల్‌కాక్స్ నడిపిస్తున్నారు. 2022 జనవరి నాటి 5.16తో మొదలైన ఆ పని ఇంకా సాగుతూనే ఉంది.

వీటన్నిటిలో ముహూర్తం ఖరారైన పని ఒకటుంది. పాత డిస్కుల్లో ఫైలు తేదీని 1970 జనవరి 1 నుంచి సెకన్ల లెక్కలో 32 బిట్లలో దాచేవారు. ఆ లెక్క మన కాలమానం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతుంది. దీపా దినమణి, ఆర్న్డ్ బెర్గ్‌మన్‌ల కృషితో 2018లో వీఎఫ్ఎస్ లోపలి తేదీలు 64 బిట్లకు మారాయి. ఈఎక్స్‌టీ4లో ఒక్కో ఫైలు వివరాలకు 256 బైట్ల చోటిస్తే తేదీలు 2446 దాకా నడుస్తాయి. 128 బైట్లతో తయారైన పాత డిస్కులకు ఆ అదనపు చోటు లేదు. వాటిని వెతికి మార్చాల్సిందే.

ఇవాళ ఓడలరేవులోనో, చెయ్యేరులోనో ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలు 2038 నాటికి ఉద్యోగాల్లో మంచి దశలో ఉంటారు. వాళ్ళలో ఎవరికైనా ఈ కోడులో చేయి పెట్టాలనిపిస్తే ఒక మాట. ఖాళీలూ కామాలూ దిద్దే ప్యాచ్‌లు ఫైల్ సిస్టమ్ నిర్వాహకులకు గిట్టవు. వాటివల్ల చరిత్ర మసకబారుతుందంటారు. అందుకని ముందు చరిత్రే చదవండి. కోడులో ప్రతి మార్పూ నమోదయ్యే గిట్‌లో లినక్స్ చరిత్ర 2005 ఏప్రిల్ నుంచి ఉంది కాబట్టి 2006 నాటి పులవర్తి ప్యాచ్‌లు అందులో యథాతథంగా దొరుకుతాయి. ప్రతి ప్యాచ్ పైన ఎందుకు చేశామన్న నాలుగు వాక్యాలు, కింద తీసేసిన లైన్లకు మైనస్ గుర్తు, చేర్చినవాటికి ప్లస్ గుర్తు. ఆ తర్వాత మీ ల్యాప్‌టాప్‌లో ఒక ఖాళీ డిస్కు భాగం చేసుకుని ఎక్స్ఎఫ్ఎస్ టెస్ట్స్ నడపండి. సిజ్‌బాట్ పట్టిన తప్పుల జాబితాలోంచి ఒకటి ఎంచుకుని మీ దగ్గర మళ్ళీ రప్పించండి. ఏదైనా లైను అనవసరమని తోస్తే, అది ఎప్పుడు, ఎవరి అవసరానికి వచ్చిందో ముందు కనుక్కోండి. ఆ అవసరం తీరిపోయిందని చూపించగలిగితే ఆ లైను తీసేస్తూ ప్యాచ్ పంపండి, కారణం రాసి, కింద మీ ఇంటిపేరుతో సంతకం పెట్టి.